కాసట్ రేసర్ డైరీ: బరువు తూచడం నుంచి రేసు ప్రాపెల్లర్ దాకా

విమానం కాసట్ 3ఎం. ఒకే సీటు. 4130 స్టీలు గొట్టాల ఫ్యూజలాజ్ (విమానం మొండెం), దాని మీద బట్ట. స్ప్రూస్ కర్ర స్పార్ (రెక్క లోపలి దూలం), ప్లైవుడ్ తొడుగు ఉన్న రెక్క. టీడబ్ల్యూఏ విమానయాన సంస్థ పైలట్ టామ్ కాసట్ తాను రేసులో నడపడానికి 1950లలో గీసుకున్న డిజైన్ ఇది. డ్రాయింగులు కొనుక్కుని ఇంట్లో కట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంజిన్ కాంటినెంటల్ ఓ-200. పుస్తకం ప్రకారం 2,750 ఆర్‌పీఎం దగ్గర 100 హార్స్‌పవర్.

లక్ష్యం ఫార్ములా వన్ ఎయిర్ రేసింగ్. అందరికీ ఒకే ఇంజిన్, ఓ-200. రెక్క వైశాల్యం 66 చదరపు అడుగులకు, ఖాళీ బరువు 500 పౌండ్లకు తగ్గకూడదు. చక్రాలు మడవకూడదు. ప్రాపెల్లర్ పిచ్ (బ్లేడు వాలు, ఒక తిరుగుడుకు ముందుకు పోయే దూరంగా చెప్పేది) గాల్లో మారకూడదు. డబ్బు పెట్టి పెద్ద ఇంజిన్ తెచ్చుకుని గెలిచే దారి లేదు కాబట్టి మిగిలిన స్పీడంతా గాలి దగ్గరే రాబట్టుకోవాలి. ఇవే నిబంధనల్లో జాన్ షార్ప్ తన నెమెసిస్ విమానంతో నెవాడాలోని రీనోలో 1991 నుంచి 1999 దాకా వరసగా తొమ్మిదేళ్లు గోల్డ్ రేసు గెలిచాడు. డ్రాగ్ (గాలి నిరోధం) తగ్గిస్తే ఏమొస్తుందని అడిగేవాళ్లకు అదే జవాబు.

విమానం నార్త్ టెక్సస్‌లోని ఒక హ్యాంగర్‌లో ఉంది. రిజిస్ట్రేషన్ ఎక్స్‌పెరిమెంటల్, అమెచ్యూర్-బిల్ట్ (సొంతంగా కట్టుకున్న విమానాల తరగతి) కింద. ఇంజిన్, ప్రాపెల్లర్ రెండూ కలిపి సర్టిఫై అయిన జత అయితే ఫేజ్ 1, అంటే మొదట్లో తప్పనిసరిగా చేయాల్సిన టెస్ట్ ఫ్లయింగ్, 25 గంటలు. మాది చెక్కతో చెక్కించిన ప్రాపెల్లర్ కాబట్టి 40 గంటలు. కింద స్పీడ్లన్నీ గంటకు మైళ్లలో, బరువులు పౌండ్లలో, టెంపరేచర్లు చెప్పని చోట ఫారన్‌హీట్‌లో.

బరువు, సీజీ (బరువు కేంద్రం)

మూడు స్కేళ్లు. తోక పైకెత్తి పై లాంజెరాన్ (ఫ్యూజలాజ్ పొడవునా పోయే గొట్టం) మీద స్పిరిట్ లెవల్ పెట్టి, విమానం ఎగిరే భంగిమలోకి తెచ్చాకే తూచాలి. తోక నేల మీద ఉండగా తూస్తే వచ్చే సీజీ దేనికీ పనికిరాదు. హ్యాంగర్ తలుపులు మూసి ఉండాలి. చిన్న గాలి తగిలినా రెక్క ఒకటి రెండు పౌండ్లు ఎత్తేస్తుంది.

డేటమ్, అంటే దూరాలన్నీ కొలిచే గీత, రెక్క ముందు అంచు. మెయిన్ చక్రాల ఇరుసు దానికి 1.5 అంగుళాలు వెనక, తోక చక్రం 132 అంగుళాలు వెనక. ఎడమ 238, కుడి 241, తోక 39, మొత్తం 518. మొమెంట్ (బరువులను దూరాలతో గుణించి కలిపింది) 5,866. ఖాళీ సీజీ 11.3 అంగుళాలు.

170 పౌండ్ల పైలట్ (28 అంగుళాల దగ్గర), 8 గ్యాలన్ల పెట్రోలు (48 పౌండ్లు, 4 అంగుళాల దగ్గర) కలిపితే 736 పౌండ్లు, సీజీ 14.7. ట్యాంకు ఖాళీ అయితే 15.4. ఈ విమానంలో ట్యాంకు పైలట్‌కు ముందుంది. పెట్రోలు తగ్గేకొద్దీ సీజీ వెనక్కి జరుగుతుంది. అంటే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) అతి తేలిగ్గా, చురుగ్గా తగిలేది దిగేటప్పుడే. వెనక లిమిట్ లెక్క ఖాళీ ట్యాంకుతో వేయాలి, నిండు ట్యాంకుతో కాదు.

ఫ్యూయల్ ఫ్లో

గ్రావిటీ ఫీడ్ అయితే టేకాఫ్‌లో ఇంజిన్ తాగేదానికి ఒకటిన్నర రెట్లు పారాలి. పుస్తకపు 100 హార్స్‌పవర్‌కు, హార్స్‌పవర్‌కు గంటకు 0.55 పౌండ్ల చొప్పున 55 పౌండ్లు, అంటే 9.2 గ్యాలన్లు. ఒకటిన్నర రెట్లంటే 13.8. కానీ రేసు ఆర్‌పీఎంలో ఈ ఇంజిన్ 100 దగ్గర ఆగదు. 130 పట్టుకుని లెక్కేస్తే కావలసింది గంటకు 17.9 గ్యాలన్లు.

టెస్టు ఇలా. ముక్కును అత్యధిక క్లైంబ్ కోణానికి, ఇంకో 5 డిగ్రీలు పైకి ఎత్తాలి. ట్యాంకులో వాడుకోగల కనీస పెట్రోలే ఉంచాలి. గొట్టాన్ని కార్బ్యురేటర్ దగ్గర విప్పి, అదే ఎత్తులో డబ్బాలోకి వదలాలి. నేల మీద పెట్టిన డబ్బాలోకి వదిలితే ఎత్తు తేడా వల్ల ఫ్లో ఎక్కువ చూపిస్తుంది. అక్కడే చాలామంది మోసపోతారు. అగ్నిమాపక సిలిండర్ పక్కన, ఎర్తింగ్ తీగ రెండు వైపులా.

మొదటిసారి ఒక గ్యాలన్ నిండడానికి 4 నిమిషాల 5 సెకన్లు. గంటకు 14.7. పుస్తకం ప్రకారం పాసు, రేసుకు ఫెయిలు. కారణాలు రెండు: గ్యాస్కొలేటర్ (పెట్రోలు వడకట్టే గిన్నె) దగ్గర 90 డిగ్రీల ఎల్బో, ట్యాంకు మూత వెంట్ రంధ్రం సన్నం కావడం. ఎల్బో తీసేసి గొట్టాన్ని వంపుగా తిప్పి, పావు అంగుళం లైన్‌ను మూడు-ఎనిమిదో వంతు చేసి, వెంట్ గొట్టాన్ని ముందుకు, గాలికి ఎదురుగా వంచాం. ఇప్పుడు గ్యాలన్‌కు 2 నిమిషాల 50 సెకన్లు, గంటకు 21.2.

ఇంజిన్ మొదటి రన్

ఓవర్‌హాల్ అయి వచ్చిన ఇంజిన్. టైమింగ్ రెండు మాగ్నెటోలకూ (ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చేవి) టీడీసీకి, అంటే పిస్టన్ పై చివర చేరే చోటుకు, 24 డిగ్రీల ముందు, బజర్ బాక్సుతో చూసుకున్నది. పాత పుస్తకాల్లో 28 కనిపిస్తుంది. డేటా ప్లేట్ మీద ఉన్నదే నమ్మాలి. పై ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ కదిలేదాకా తిప్పాకే ప్లగ్గులు బిగించాం. ఆయిల్ ఏ అదనాలూ లేని మినరల్ ఆయిల్.

కొత్త సిలిండర్లను నేల మీద నెమ్మదిగా తిప్పుతూ కూర్చోవడమంత చెడ్డపని ఇంకోటి లేదు. రింగులు గోడకు ఒరుసుకుని కూర్చోవాలంటే సిలిండర్లో ఒత్తిడి కావాలి. తక్కువ పవర్‌లో ఆయిల్ పొర కాలి గాజులా పేరుకుంటుంది, ఆ తర్వాత ఆ ఇంజిన్ ఆయిల్ తాగడం మానదు. అందుకే లీకులు చూసుకోడానికి రెండు మూడు నిమిషాలు, 1,700 ఆర్‌పీఎం దగ్గర మాగ్ చెక్ (ఒక్కో మాగ్నెటో ఆపి ఆర్‌పీఎం ఎంత పడుతుందో చూడటం), అంతే. డ్రాప్ 150 దాటకూడదు, రెండింటి మధ్య తేడా 75 దాటకూడదు. వచ్చినవి 90, 110.

రన్ అయిన వెంటనే ప్రాపెల్లర్ బోల్టుల టార్క్ మళ్లీ చూడాలి. చెక్క అణుగుతుంది. ఎండాకాలం గడిచాక ఒకసారి, వానాకాలం గడిచాక ఒకసారి కూడా. ఈ చెక్‌లో పావు మలుపు పట్టిన బోల్టులు రెండున్నాయి.

టాక్సీ

చెప్పుకోడానికి పెద్దగా లేదు. తోక లేచేదాకా ముందు కనిపించదు, ఎస్ ఆకారంలో పోవాల్సిందే. టెయిల్‌వీల్ స్ప్రింగులు వదులుగా ఉంటే నడక వంకర పోతుంది, బాగా బిగిస్తే రడ్డర్ (తోక చుక్కాని) కొంచెం కదిలినా విమానం గిర్రున తిరుగుతుంది. రెండు స్ప్రింగుల్లోనూ కొంచెం వదులు ఉంచాం. హై-స్పీడ్ టాక్సీ టెస్టులు ఎక్కువ చేయొద్దు. బ్రేకులు కాలతాయి, పైగా అనుకోకుండా గాల్లోకి లేచే ప్రమాదం.

మొదటి ఫ్లైట్

ఒక పైలట్, వెంట ఎగురుతూ గమనించే ఒక చేజ్ విమానం, నేల మీద రేడియో. కార్డు మీద రాసినవి నాలుగే: ఎయిర్‌పోర్టు పైన 3,000 అడుగులకు ఎక్కడం, సీహెచ్‌టీ (సిలిండర్ హెడ్ టెంపరేచర్), ఆయిల్ ప్రెషర్, ఆయిల్ టెంపరేచర్ చదవడం, స్టాల్ (రెక్క ఎత్తే బలం కోల్పోయే స్థితి) దగ్గరదాకా నెమ్మదించి ఆ నంబర్ రాసుకోవడం, దిగడం. ఆ స్టాల్ నంబర్ ఎందుకంటే, ఎయిర్‌స్పీడ్ గడియారం (స్పీడు చూపే డయల్) ఎంత తప్పు చూపిస్తున్నా ల్యాండింగ్ అప్రోచ్‌ను అదే గడియారపు స్టాల్‌కు 1.3 రెట్లు పెట్టుకుంటే చాలు. గడియారం చూపించింది 71. అప్రోచ్ 92కు కొంచెం పైన, 95తో వచ్చింది.

ఎక్కేటప్పుడు వెనక సిలిండర్లు రెండూ 440 దాటాయి, ముందువి 370. కాంటినెంటల్‌లో లెక్క వెనక నుంచి మొదలవుతుందని గుర్తుంచుకోవాలి, 1, 2 అంటే వెనకవి. లైకమింగ్ అలవాటు ఉన్నవాళ్లు ప్రోబ్ వైర్లు తారుమారు చేసేది ఇక్కడే. ఆయిల్ 228. దాని లిమిట్ 225. పవర్ తగ్గించి, ముక్కు దించి, స్పీడు పెంచితే రెండూ దిగాయి. సీహెచ్‌టీ రెడ్‌లైన్ 525 అని పుస్తకం అంటుంది కానీ అల్యూమినియం హెడ్‌ను రోజూ అక్కడికి తీసుకెళ్లేవాళ్లు ఎవరూ ఉండరు. ఇక్కడ పెట్టుకున్న గీత 420.

కూలింగ్

గాలి పై నుంచి ఫిన్‌ల (సిలిండర్ చుట్టూ ఉండే పలచని లోహపు రేకుల) మధ్యగా కిందికి పోవాలి. అది తప్ప మిగతా ప్రతి దారీ లీకే. లీకుకు రెండు శిక్షలు: ఇంజిన్ వేడెక్కుతుంది, ఆ గాలిని లోపలికి లాక్కున్న డ్రాగ్ మాత్రం అలాగే ఉంటుంది. వేడెక్కుతోందని ముందు రంధ్రాలు పెద్దవి చేయడం చిల్లు కుండలో ఇంకో బిందె నీళ్లు పోయడమే.

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పాత ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ ఒకటి చాలు. దాని పిటో (ఎదురుగాలి ఒత్తిడి పట్టే) వైపు గొట్టాన్ని ఇంజిన్ పై భాగానికి, స్టాటిక్ (చుట్టూ గాలి పీడనం పట్టే) వైపు గొట్టాన్ని కింది భాగానికి కలపాలి. గొట్టం చివర మూసి, పక్కల సన్నని రంధ్రాలు పొడిస్తే గాలి నేరుగా కొట్టినా తప్పు చూపదు. ఆ గడియారం మీద 100 అంటే 4.9 అంగుళాల నీటి పీడనం. లెక్క ఇంకా సులువు: రెండు గడియారాల అంకెల నిష్పత్తికి వర్గం కడితే, ఎదురుగాలి ఒత్తిడిలో ఎంత భాగం ఫిన్‌ల మీద పనిచేస్తోందో తేలుతుంది.

మొదట పానెల్ మీద 150 ఉన్నప్పుడు ఈ గడియారం 112. అంటే 56 శాతం. రాత్రి హ్యాంగర్‌లో దీపాలార్పి, కౌలింగ్ (ఇంజిన్ మీది తొడుగు) లోపల ట్రబుల్ లైట్ పెడితే లీకులు వెలుగు గీతలుగా కనిపించాయి. దొరికినవి: వెనక బాఫిల్‌కు (గాలిని ఫిన్‌ల వైపు మళ్లించే రేకు), క్రాంక్‌కేస్‌కు మధ్య వేలు పట్టే సందు, సిలిండర్ల మధ్య కింద ఉండే బాఫిల్ ఫిన్‌లకు తగలకుండా వేలాడటం, ఎర్ర సిలికాన్ పట్టీ ఒక మూల గాలి ఒత్తిడికి బయటికి మడత పడటం. వెనక సిలిండర్లే ఎందుకు వేడెక్కాయో మొదటి రెండూ చెప్పేశాయి.

కింది బాఫిల్‌ను స్ప్రింగ్ తీగతో ఫిన్‌లకు లాగి కట్టాం. సందుల్లో హై-టెంపరేచర్ ఆర్‌టీవీ (సిలికాన్ జిగురు). పట్టీ అంచు ఎప్పుడూ ఒత్తిడి ఉన్న వైపు, అంటే లోపలికి, ముందుకు వంగి ఉండాలి. అప్పుడే గాలి దాన్ని కౌలింగ్‌కు అదుముతుంది. మూలల దగ్గర పట్టీ కోసి ఒకదాని మీద ఒకటి ఎక్కించాలి, లేకపోతే ముడతపడి నోరు తెరుస్తుంది. తర్వాతి కొలత 127, అంటే 72 శాతం. వెనకవి 385, ముందువి 365. ఆయిల్ 205.

ఈ మిగులుతో బయటికి పోయే ద్వారాన్ని మూడో వంతు తగ్గించవచ్చు. ఇన్‌లెట్ జోలికి పోలేదు. గాలి ఎంత పారాలో నిర్ణయించేది వెనక ద్వారం, ముందుది కాదు.

ఎయిర్‌స్పీడ్ కేలిబ్రేషన్

ఇది కాకుండా ఫలానా మార్పు వల్ల నాలుగు మైళ్లు వచ్చాయి అంటే, ఆ నాలుగు గాల్లోంచి వచ్చాయో గడియారంలోంచి వచ్చాయో ఎవరూ చెప్పలేరు. ముందు లీక్ టెస్టు: స్టాటిక్ లైన్‌ను మెల్లగా పీల్చి ఆల్టిమీటర్‌ను 1,000 అడుగులు ఎక్కించి మూసేస్తే, నిమిషంలో 100 అడుగులకు మించి జారకూడదు. పీల్చడం, వదలడం రెండూ నెమ్మదిగా, లేకపోతే గడియారం లోపలి డయాఫ్రం పోతుంది.

తర్వాత జీపీఎస్‌తో నాలుగు వైపులు. ఒకే ఎత్తు, ఒకే గడియారపు స్పీడు, ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర. పట్టాల్సింది హెడింగ్ (ముక్కు చూసే దిశ), ట్రాక్ (నేల మీద పోయే దారి) కాదు. ప్రతి వైపూ అంకెలు స్థిరపడ్డాక ఒక నిమిషం. తెల్లవారుజామున, గాలి కదలక ముందు. 6,000 అడుగులు, బయట 20 డిగ్రీల సెంటీగ్రేడ్, గడియారం మీద 174:

ఉత్తరం 176.2, తూర్పు 197.4, దక్షిణం 200.2, పడమర 179.4.

నాలుగింటి వర్గాల సగటు 35,569. ఉత్తర, దక్షిణ వర్గాల తేడాను అసలు స్పీడుకు నాలుగు రెట్లతో భాగిస్తే ఆ దిశలో గాలి 12. తూర్పు పడమరలు అలాగే చేస్తే 9. గాలి మొత్తం వర్గం 225. సగటులోంచి అది తీసేసి వర్గమూలం కడితే నిజమైన ఎయిర్‌స్పీడ్ 188.0. మామూలు సగటు తీసినా 188.3 వస్తుంది, ఇంత లెక్క ఎందుకనిపిస్తుంది. గాలి 15 ఉన్నప్పుడు తేడా 0.3. గాలి 30 అయితే 1.2. వెతుకుతున్న లాభాలే ఒకటి రెండు మైళ్లయినప్పుడు 1.2 తేలిగ్గా వదిలేసేది కాదు.

6,000 అడుగుల్లో, 20 డిగ్రీల్లో 188ను సముద్రమట్టపు గాలికి మారిస్తే సుమారు 167. గడియారం 174 అంటోంది. 7 ఎక్కువ. అంటే ఫ్యూజలాజ్ పక్కనున్న స్టాటిక్ రంధ్రం దగ్గర గాలి వేగం పుంజుకుని పీడనం పడిపోతోంది. దీనితోపాటు ఆల్టిమీటర్ కూడా దాదాపు 100 అడుగులు ఎక్కువ చూపిస్తుంది. పైలాన్ల (రేసు మలుపు స్తంభాల) దగ్గర నేలకు ఆనుకుని ఎగిరే ఆటలో ఇది మంచిది కాదు.

మందు తేలిక: రంధ్రానికి సరిగ్గా వెనక సన్నని పట్టీ. అది గాలిని కొంచెం అడ్డుకుని రంధ్రం దగ్గర పీడనం పెంచుతుంది. రంధ్రానికి ముందు అంటిస్తే ఉల్టా, తప్పు ఇంకా పెరుగుతుంది. అల్యూమినియం టేపు పొరలు పెంచుకుంటూ, రెండు పక్కలా ఒకేలా, ప్రతిసారీ నాలుగు వైపుల పరీక్ష. తేడా 7 నుంచి 2కు దిగింది. మిగిలిన ఆ 2 మైళ్ల తేడాను కార్డు మీద రాసి పానెల్‌కు అంటించాం. సున్నా చేయాలని ఇంకా పొరలు వేస్తే తక్కువ స్పీడులో తప్పు తిరగబడుతుంది.

ఎన్వలప్ (విమానం భద్రంగా ఎగరగల హద్దు), ఫ్లటర్

పెయింటు తర్వాత ఐలెరాన్ల (విమానాన్ని పక్కకు వంచే రెక్క పలకల) బ్యాలెన్స్ మళ్లీ తూచాం. వెనక అంచున పడే రంగు బరువు కొంచెమైనా హింజ్ నుంచి దూరం ఎక్కువ కాబట్టి సమతూకానికి ముందు పెట్టిన సీసం చాలదు. డయల్ గేజ్ పెట్టి ఐలెరాన్ వెనక అంచు ఆట (వదులు) కొలిస్తే ఒక వైపు ఎక్కువ. పుష్‌రాడ్ చివరి బేరింగ్ అరిగింది, మార్చాం. ఫ్లటర్‌కు, అంటే వేగంలో రెక్కలు, పలకలు తమంతట తామే ఊగి విరిగేదాకా పోయే కంపనానికి, పునాది ఎక్కువసార్లు ఈ ఆటే.

ఫ్లటర్ పట్టించుకునేది నిజమైన ఎయిర్‌స్పీడ్‌ను, గడియారపు అంకెను కాదు. ఎత్తులో టెస్టు చేస్తూ గడియారాన్ని చూసి ఇంకా ఖాళీ ఉందనుకోవడం ప్రమాదం. కార్డు మొత్తం నిజమైన స్పీడులోనే రాసుకోవాలి. మొదట 10 మైళ్ల మెట్లు, పై చివరకు 5. ప్రతి మెట్టులో స్టిక్‌ను అరచేతితో పక్కకు ఒకసారి, ముందుకు ఒకసారి తట్టడం, రడ్డర్‌ను ఒక తన్ను. కదలిక వెంటనే చావాలి. ఒక ఊపు ఎక్కువ మిగిలినా ఆ రోజుకు అక్కడితో ఆపి, కిందికొచ్చి కారణం వెతకాలి. పారాచూట్ తప్పనిసరి, కానోపీ ఎగరగొట్టే హ్యాండిల్‌ను నేల మీద పదే పదే లాగి చూసి ఉండాలి.

రేసులో 240 మైళ్ల దగ్గర 3.5 జీ (బరువుకు మూడున్నర రెట్ల బలం) మలుపు అంటే 73 డిగ్రీల బ్యాంక్, దాదాపు 1,150 అడుగుల వ్యాసార్థం. అదే 3.5 జీలో స్టాల్ 71 నుంచి 133కి పోతుంది. గుండ్రంగా, ఒకేలా లాగితే ఇబ్బంది లేదు. ముందు విమానం సుడిగాలిలో పడి కంగారుగా లాగితేనే ఆ 133 గుర్తొస్తుంది.

స్పీడు మార్పులు

ఏ మార్పూ చేయకుండా ఫుల్ త్రాటిల్ రన్‌లు పదే పదే చేస్తే వచ్చే చెదురు 1 మైలు పైన. కాబట్టి అంతకంటే తక్కువ లాభం ఏదైనా నోటి మాటే. టెస్ట్ ప్రాపెల్లర్‌తో, ఒకే డెన్సిటీ ఆల్టిట్యూడ్‌కు (గాలి సాంద్రతను బట్టి విమానానికి తెలిసే ఎత్తుకు) దిద్దిన లెక్కల్లో:

వీల్ ప్యాంట్లు, లెగ్ ఫెయిరింగులు (చక్రాల మీద, కాళ్ల మీద గాలి జారిపోయే తొడుగులు) లేకుండా 192. పెట్టాక 201. కాలికీ ఫ్యూజలాజ్‌కూ మధ్య మూల నింపాక 203.5. కూలింగ్ గాలి బయటి ద్వారం తగ్గించాక 206.5. ఐలెరాన్ సందుకు టేపు అంటిస్తే 0.4, అంటే ఏమీ తేలనట్టే. ఉంచాం, కాకపోతే స్పీడు కోసం కాదు, రోల్ (పక్కకు దొర్లడం) కొంచెం పదునైంది.

స్పీడు 1 శాతం పెరగాలంటే డ్రాగ్ దాదాపు 3 శాతం తగ్గాలి. ఆ లెక్కన కూలింగ్ ద్వారం ఒక్కటే డ్రాగ్‌లో నాలుగు శాతం పైగా తినేసింది. పాలిష్, మైనం మీద గంటలు పోసేవాళ్లు ముందు కౌలింగ్ విప్పి చూడాలి.

రేసు ప్రాపెల్లర్

ఫేజ్ 1 ముగిశాక పెద్ద మార్పు చేస్తే మళ్లీ కనీసం 5 గంటల టెస్ట్ ఫ్లయింగ్ మెడకు చుట్టుకుంటుంది. అందుకే రేసు ప్రాపెల్లర్‌ను ఈ 40 గంటల్లోనే ఎక్కించాం. 56 అంగుళాల వ్యాసం.

లక్ష్యం 4,000 ఆర్‌పీఎం, 240 మైళ్లు. ప్రతి తిరుగుడుకు విమానం 63 అంగుళాలు ముందుకు పోవాలి, పిచ్ దానికంటే కొంచెం ఎక్కువ. కొనల స్పీడు సెకనుకు 1,039 అడుగులు. 30 డిగ్రీల సెంటీగ్రేడ్‌లో ధ్వని వేగం 1,145, కాబట్టి మాక్ (ధ్వని వేగంతో నిష్పత్తి) 0.91. వ్యాసం 58 చేస్తే 0.94కు చేరుతుంది, అక్కడ కొనలు పవర్ మింగడం మొదలెడతాయి. చల్లటి రోజు ధ్వని వేగం తగ్గుతుంది కాబట్టి ఇదే ప్రాపెల్లర్ చలికాలం పొద్దున ఇంకా ఘోరంగా కనిపిస్తుంది. టెస్టు ఎండలోనే చేయాలి.

ఇంజిన్ వైపు ధర ఉంది. 2,750 నుంచి 4,000కు పోతే కనెక్టింగ్ రాడ్ బోల్టుల మీద జడత్వ బలం 2.1 రెట్లు. అందుకే పిస్టన్లు, రాడ్లు జతలుగా తూచి సమం చేయడం, బోల్టులు ఎప్పుడూ కొత్తవి. త్రాటిల్ కేబుల్ తెగితే కార్బ్యురేటర్ తెరుచుకునేలా స్ప్రింగు.

ఇప్పటికి స్టాటిక్ (నిలబడి ఫుల్ త్రాటిల్ ఇస్తే వచ్చే ఆర్‌పీఎం) 2,700, లెవల్‌గా ఎగిరేటప్పుడు 3,800. ఇంకో 200 కావాలి. పిచ్ తగ్గించడమా, కొన కోయడమా అన్నది తేలాలి. కొన కోస్తే మళ్లీ అతికించలేం కాబట్టి ముందు పిచ్. స్టాటిక్‌నూ వదిలేయడానికి లేదు. ఫార్ములా వన్‌లో రేసు నేల మీద నిలబడ్డ చోటు నుంచే మొదలవుతుంది, ఎనిమిది విమానాలు రన్‌వే మీద వరసలు కట్టి. రీనోలో చివరి రేసు 2023లో అయిపోయింది, 2025 నుంచి ఆ పోటీలు న్యూ మెక్సికోలోని రాస్వెల్‌లో. ఎత్తు 3,671 అడుగులు, 30 డిగ్రీల సెంటీగ్రేడ్ ఎండలో విమానానికి తెలిసే ఎత్తు 6,300. ముతక పిచ్ బ్లేడ్ నిలబడి ఉన్నప్పుడు స్టాల్‌లో ఉంటుంది. అక్కడ టేకాఫ్ పరుగు ఎంతవుతుందో రేసుకు ముందే అంత వేడిలో, అంత ఎత్తున్న రన్‌వే మీద కొలవాలి.

మిగిలినవి

ఆయిల్ స్క్రీన్ విప్పి లోహపు పొడి చూడటం, కంప్రెషన్ చెక్. రేసు ప్రాపెల్లర్‌తో ఫ్లటర్ కార్డు పై మూడు మెట్లు. ఆ ప్రాపెల్లర్‌తోనే వెనక సిలిండర్ల సీహెచ్‌టీ మళ్లీ, 4,000 దగ్గర. పైలట్‌కు పైలాన్ రేసింగ్ సెమినార్. చివరన లాగ్‌బుక్‌లో ఫేజ్ 1 పూర్తి సర్టిఫికేషన్: స్టాల్ స్పీడు, వీఎక్స్ (అతి నిటారుగా ఎక్కే స్పీడు), వీవై (అతి త్వరగా ఎత్తు ఎక్కే స్పీడు), ఏ బరువు దగ్గర, ఏ సీజీ దగ్గర. స్టాటిక్ పట్టీ తర్వాత వచ్చిన అంకెలే అందులో రాయాలి, మొదటి ఫ్లైట్ 71 కాదు.